వేపుడుకొకటి, పోపుకొకటి: మీ వంటింటికి ఏ నూనె సరిపోతుంది?

సూపర్ మార్కెట్లో నూనెల అర ముందు నిలబడి ఫోన్‌లో వెతుక్కునేవాళ్లను తరచూ చూస్తుంటాను. నేనూ అలా నిలబడ్డదాన్నే. ఒక ప్యాకెట్ మీద గుండె బొమ్మ, ఇంకోదాని మీద 'కొలెస్ట్రాల్ లేదు', దాని పక్కన 'గానుగ', ఆ పక్కన 'విటమిన్ ఎ, డి'. ఏదో ఒకటి తీసుకుని ఇంటికొస్తే అమ్మ ఫోన్ చేసి "నువ్వుల నూనెను మించింది లేదే" అంటుంది. అత్తమ్మ "పల్లీ నూనె తిని మేం బతకలేదా" అంటుంది. వాట్సాప్‌లో ఎవరో పొద్దున్నే రెండు పెద్ద చెంచాల కొబ్బరి నూనె తాగమంటారు. డాక్టరేమో "నూనె తగ్గించండి" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతి పేషెంటును పిలుస్తాడు.

మా పుట్టిల్లు గుంటూరు వైపు, అత్తవారిల్లు పాలమూరు. రెండు వైపుల నుంచీ మా ఇంటికి డబ్బాలు వస్తూనే ఉంటాయి. వాటి మధ్య నలిగి నలిగి నాకు అర్థమైంది ఏమిటంటే, 'ఏ నూనె మంచిది' అని అడిగినంతకాలం జవాబు దొరకదు. 'దేనికి, ఎంత, ఎవరికి' అని అడిగితే పని సులువవుతుంది.

## ముందు, ఒంటికి కొవ్వుతో పనేంటి?

కొవ్వు అనగానే మనకు పొట్టే గుర్తొస్తుంది. కానీ శరీరంలో ప్రతి కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో అల్లిందే. నరాల మీద వైరుకు తొడుగులా ఉండేదీ ఎక్కువగా కొవ్వే. మనం రోజూ తిట్టే కొలెస్ట్రాల్ నుంచే శరీరం కొన్ని హార్మోన్లనూ విటమిన్ డినీ పిత్తరసాన్నీ తయారుచేసుకుంటుంది. అందుకే కాలేయం దాన్ని తనంతట తానే తయారుచేస్తుంది, మనం తినకపోయినా.

ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులోనే కరుగుతాయి. తోటకూరను ఉత్త నీళ్లలో ఉడకబెట్టి ఉప్పేసుకు తింటే అందులోని, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ సరిగ్గా పట్టదు. అదే కూరకు చెంచాడు నూనెతో పోపు పెడితే పడుతుంది. క్యారెట్, మునగాకు, టమాటా కూడా ఇంతే. అంటే మన పోపు రుచికే కాదు, పోషణకూ పనికొస్తోందన్నమాట.

ఇంకో సంగతి. లినోలిక్ అనే ఒమేగా-6, ఆల్ఫా లినోలెనిక్ అనే ఒమేగా-3, ఈ రెండు కొవ్వు ఆమ్లాలను శరీరం తయారుచేసుకోలేదు. తిండి ద్వారా రావాల్సిందే. ఒమేగా-6 మనకు నూనెల నుంచి కావలసినంత వస్తోంది. లోటు ఒమేగా-3 దగ్గరే. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక శక్తి. గ్రాము పిండి పదార్థంలో 4 కేలరీలు, గ్రాము కొవ్వులో 9. నెయ్యి, ఆలివ్, గానుగ, రీఫైండ్, ఏదైనా ఇంచుమించు ఇంతే. 'లైట్' అని రాసిన నూనె జేబుకు లైటేమో గానీ కేలరీల్లో లైట్ కాదు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

ఎంత వాడుతున్నాం? మొదటి ప్రశ్న ఇదే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలంది. టీ చెంచాతో కొలిస్తే ఆరు చెంచాలు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు.

నేనొక పని చేశాను. కొత్త డబ్బా విప్పినరోజు తేదీని స్కెచ్ పెన్‌తో దాని మీదే రాశాను. అయిదు లీటర్లు, నలుగురం, 27 రోజుల్లో ఖాళీ. లెక్కేస్తే మనిషికి రోజుకు 42 గ్రాములు. బయట తిన్న బజ్జీలు, పఫ్‌లు ఇందులో లేవు. 'మేం నూనె తక్కువే వాడతాం' అని అప్పటిదాకా అందరితో చెప్పుకున్నాను.

ఏ రకం కొవ్వు? ప్రతి నూనెలోనూ మూడు రకాలూ ఉంటాయి, పాళ్లే వేరు. సంతృప్త కొవ్వును ప్యాకెట్ల మీద శాచురేటెడ్ అంటారు. ఇది ఎక్కువైతే చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. మిగతా రెండూ అసంతృప్త కొవ్వులు; వీటిలో మోనో, పాలీ రకాలను మూఫా, పూఫా అని రాస్తారు. సంతృప్త కొవ్వు స్థానంలో వీటిని తింటే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. నాలుగోది ట్రాన్స్ కొవ్వు. ఇది చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది కాబట్టి దీనికి సురక్షితమైన మోతాదంటూ వెతకనక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం సంతృప్త కొవ్వు రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు. 2000 కేలరీలు తినేవారికి అది దాదాపు 22 గ్రాములు.

వేడికి ఎంత ఆగుతుంది? బజ్జీలు, గారెలు వేగే నూనె 170–180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. పొగ వచ్చిందంటే నూనె చెడుతోందని అర్థం. పొగ ఒక్కటే చూస్తే సరిపోదు. పూఫా ఎక్కువున్న నూనెలు పొగ రాకపోయినా, మళ్లీమళ్లీ కాగితే లోపల త్వరగా చెడతాయి.

ఎలా తీశారు, నమ్మొచ్చా, ధరెంత? దీనికి విడిగా చోటు కావాలి. కింద చెబుతాను.

పాళ్లు ఇవీ. విత్తన రకాన్ని బట్టి అటూఇటూ అవుతాయి కనుక అన్నీ సుమారు లెక్కలే, నూటికి ఎంతని.

| నూనె / కొవ్వు | సంతృప్త | మోనో | పాలీ | ఒక్క ముక్కలో |
|---|---|---|---|---|
| వేరుశనగ | 18 | 48 | 32 | సమతూకం, వేపుడుకూ ఆగుతుంది |
| నువ్వుల | 14 | 40 | 42 | పచ్చళ్లు, పోపు, పొడులు |
| సన్‌ఫ్లవర్ | 11 | 22 | 64 | కూరకు సరే, మళ్లీమళ్లీ కాచొద్దు |
| తవుడు | 20 | 40 | 36 | వేరుశనగకు దగ్గరి చుట్టం |
| సోయా | 15 | 23 | 58 | కొంత ఒమేగా-3 ఉంది |
| ఆవ | 8–12 | 60–70 | 21 | ఒమేగా-3 బాగుంది, ఘాటు మనకు పడదు |
| పామోలిన్ | 43 | 44 | 11 | చవక, వేడికి గట్టిది |
| కొబ్బరి | 90 | 6 | 2 | రోజువారీ వంటకు కాదు |
| నెయ్యి | 62 | 29 | 4 | చెంచాతో కొలుచుకుని |
| ఆలివ్ | 14 | 73 | 11 | మంచిదే, ఖరీదు |

'కొలెస్ట్రాల్ లేదు' అన్న మాటకు ఈ పట్టికలో చోటివ్వలేదు, గమనించారా? మొక్కల నుంచి వచ్చే నూనెలు వేటిలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. 90 శాతం సంతృప్త కొవ్వున్న కొబ్బరి నూనె డబ్బా మీద కూడా ఆ మాట రాసుకోవచ్చు, అబద్ధం కాదు మరి.

## ఒక్కొక్కటే చూద్దాం

### వేరుశనగ నూనె

అనంతపురం వాళ్లకు శనక్కాయ నూనె, పాలమూరు వాళ్లకు పల్లీ నూనె. మా రెండిళ్ల మధ్య రాజీ కుదిర్చింది ఇదే. మోనో ఎక్కువ, పాలీ తగినంత, సంతృప్తం ఓ మోస్తరు. రీఫైండ్ అయితే 230 డిగ్రీల దాకా పొగ రాదు. గారెలకూ అప్పాలకూ ఇగుర్లకూ అన్నింటికీ సరే. లోటల్లా ఒమేగా-3 దాదాపు లేకపోవడమే.

దీంట్లో చిక్కంతా కల్తీ దగ్గర. ఓసారి హైవే పక్కన, షాపు ముందే చెక్క గానుగ తిరుగుతున్నచోట బండి ఆపి రెండు లీటర్లు కొన్నాం. ధర చవగ్గా ఉందని మురిసిపోయాను కూడా. ఇంటికొచ్చి పోపు పెడితే పల్లీ వాసన ఊసే లేదు. అత్తమ్మ మూత తీసి ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని, "గానుగ తిరుగుతున్నది సరే, నూనె దాంట్ల నుంచే వచ్చిందా?" అంది.

ఆ తర్వాత నేర్చుకున్న లెక్క ఇది. గానుగలో లీటరు నూనె రావాలంటే దాదాపు రెండున్నర కిలోల గింజలు పడతాయి. నూనె తీశాక మిగిలే పిండిచెక్క అమ్ముకుంటే గానుగ వాళ్లకు కొంత తిరిగొస్తుంది. మీ ఊళ్లో కిలో గింజల ధరను రెండున్నరతో హెచ్చవేసి చూడండి. లీటరు ధర దానికన్నా బాగా తక్కువుంటే అందులో ఇంకేదో కలిసిందనుకోవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టేది కల్తీ అని తిరిగే వీడియోను మాత్రం నమ్మకండి. అసలైన వేరుశనగ నూనె కూడా ఫ్రిజ్‌లో మబ్బుపట్టి చిక్కబడుతుంది.

### నువ్వుల నూనె

పాత తెలుగులో 'మంచినూనె' అంటే ఇదే. ఇప్పుడు తెలంగాణలో ఆ మాటకు వంటనూనె అనే అర్థం స్థిరపడింది గానీ, పేరు మొదట దక్కింది దీనికి. మోనో, పాలీ దాదాపు సమానం. పాలీ అంత ఉన్నా త్వరగా చెడిపోకపోవడానికి కారణం ఇందులో సహజంగా ఉండే సెసమాల్ లాంటి పదార్థాలు. జాడీలో ఆవకాయ మీద వేలెడు మందాన తేలే నూనె ముక్కకు గాలి తగలనివ్వదు. ఆ నూనే పాడైతే ఏడాది పచ్చడి గతేంకాను? మన పెద్దవాళ్లు పచ్చడికి దీన్ని ఎంచుకోవడం ఊరికే కాదు.

రీఫైన్ చెయ్యని నువ్వుల నూనె 175 డిగ్రీల దగ్గరే పొగలెత్తొచ్చు, కాబట్టి బాణలి నిండా పోసి గారెలు వెయ్యడానికి పెట్టుకోకండి. పోపు, పులిహోర, ఇడ్లీలోకి కారప్పొడి, బెండకాయ పులుసు, ఇలాంటివాటికి దీనికి సాటి లేదు. ఖరీదు ఎక్కువ, వాసన గట్టిది, అందుకని చేయి తనంతట తానే తగ్గుతుంది. నా లెక్కలో అదీ ఒక లాభమే.

ఒక హెచ్చరిక. అదే అరలో, అదే రంగు సీసాల్లో, సగం ధరకు దీపారాధన నూనె ఉంటుంది. తినడానికి కాదని వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. నువ్వుల బొమ్మ చూసి తెచ్చేసి పచ్చడి కలిపినవాళ్లు నాకు తెలుసు.

### సన్‌ఫ్లవర్ నూనె

మన రెండు రాష్ట్రాల్లో ఏ ఇంటికెళ్లినా ముందు కనిపించేది ఇదే. రుచి లేకపోవడమే దీని రుచి, ఏ కూరలోనైనా ఒదిగిపోతుంది. సంతృప్త కొవ్వు తక్కువ, విటమిన్ ఇ బాగుంటుంది. వెన్న, డాల్డా, పామోలిన్ మానేసి దీనికి మారినవారికి ఎల్‌డీఎల్ తగ్గుతుంది. ఒమేగా-6 విషమని భయపెట్టేవాళ్లు ఉన్నారు, అంత భయం అక్కర్లేదు.

బలహీనత పూఫాలోనే ఉంది. 64 శాతం పాలీ ఉన్న నూనెను ఆదివారం పూరీలకు కాచి, సోమవారం వడియాలకు కాచి, మంగళవారం మళ్లీ పొయ్యి మీద పెడితే అది మొదటి రోజు నూనె కాదిక. కూరలకే వాడి, డీప్‌ఫ్రైకి ఇంకోటి పెట్టుకుంటే దీన్ని తప్పుపట్టడానికేం లేదు. ఎక్కువ భాగం దిగుమతి సరుకు కాబట్టి ధర మన చేతిలో ఉండదు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైన వారాల్లో మన వీధి కిరాణాలో దీని ధర ఎలా ఎగిరిందో గుర్తుండే ఉంటుంది.

### తవుడు నూనె

పట్టికలో దీన్నీ వేరుశనగనూ పక్కపక్కన పెట్టి చూడండి, పాళ్లు దాదాపు ఒకటే. అదనంగా ఒరిజనాల్ అనే సహజ పదార్థం ఉంది, కొలెస్ట్రాల్‌ను కాస్త తగ్గించడంలో ఇది సాయపడుతుంది. వేపుడుకు బాగా ఆగుతుంది, పల్లీ నూనె కన్నా చాలాసార్లు చవకగానే దొరుకుతుంది. పల్లీ అలర్జీ ఉన్న పిల్లలున్న ఇంట్లో నేనైతే దీన్నే పెట్టుకుంటాను.

'గానుగ తవుడు నూనె' అని ఎవరైనా అమ్మితే ఆగండి. మిల్లులో బియ్యం పట్టిన గంటల్లోనే తవుడులోని నూనె చెడడం మొదలవుతుంది, పైగా తవుడులో నూనె శాతం తక్కువ. అందుకే దీన్ని ఫ్యాక్టరీలోనే తీసి రీఫైన్ చేస్తారు. రీఫైండ్ అంటేనే గిట్టనివాళ్లకు ఇది కుదరదు.

### పామాయిల్

ప్యాకెట్ల మీద కనిపించే పామోలిన్ దీంట్లోని పలచటి భాగమే. దీన్ని ఈసడించుకోవడం తేలిక. కానీ దేశంలో ఆయిల్‌పామ్ పండించడంలో ముందున్నది ఆంధ్రప్రదేశే, తెలంగాణలో అశ్వారావుపేట వైపు తోటలూ కళ్లముందే ఉన్నాయి. రేషన్ ప్యాకెట్‌తో సంసారం ఈదిన ఇళ్లు మన చుట్టూ ఎన్నో. వేడికి గట్టిగా నిలబడుతుంది, చవక. సంతృప్త కొవ్వు మాత్రం 40 దాటుతుంది.

నిజానికి ఇంట్లో పామాయిల్ కొనని వాళ్లే ఎక్కువ పామాయిల్ తింటున్నారేమో అనిపిస్తుంది. బిస్కెట్, చిప్స్, మిక్చర్, నూడుల్స్, కేకు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి, పామోలిన్ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో. బడ్జెట్ వల్ల ఇదే వాడాల్సి వస్తే, వాడండి. నెయ్యి, మీగడ తగ్గించి, సగం తవుడు నూనెకు మార్చుకోగలిగితే అదే పెద్ద మేలు.

### కొబ్బరి నూనె

కోనసీమలో కూడా ఇది తలకు రాసుకునే నూనే గానీ కూరలో పోసేది కాదు. కేరళ వంట వేరు, వాళ్ల నాలుక వేరు. ఇందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం. అది మంచి కొలెస్ట్రాల్‌ను పెంచేమాట నిజమే, చెడ్డదాన్నీ పెంచుతుంది. బరువు తగ్గుతామని పరగడుపున రెండు పెద్ద చెంచాలు తాగడమంటే 9 కేలరీల లెక్కలో రోజుకు 200కు పైగా కేలరీలు అదనంగా పుచ్చుకోవడమే. కేరళ కూర అవియల్ చేసినప్పుడు ఒక చెంచా వేసుకోండి, కమ్మగా ఉంటుంది.

### నెయ్యి

దీని మీద మా ఇంట్లో జరిగినన్ని వాదాలు ఇంకదేని మీదా జరగలేదు. మా నాన్నకు స్టెంట్ వేశాక నెయ్యి గిన్నె అటకెక్కింది. ఆర్నెల్లు తిరిగేసరికి ముద్దపప్పు ఆవకాయ కూడా మానేసి, పొద్దున టీలోకి నాలుగు బిస్కెట్లు, సాయంత్రం గిద్దెడు మిక్చర్ మొదలుపెట్టాడు. తీసేసిన కొవ్వుకన్నా పెట్టుకున్నదే ఎక్కువైంది.

లెక్క ఇదీ. చెంచాడు నెయ్యి 5 గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు 3 గ్రాములు. రోజు హద్దు 22. మధ్యాహ్నం ఒక చెంచా, రాత్రి ఒక చెంచా వేసుకుంటే 6 గ్రాములైంది, ఆరోగ్యంగా ఉన్నవారికి పెద్ద ఇబ్బంది లేదు. కానీ అదే ఇంట్లో ఫుల్ క్రీమ్ పాలు వాడుతుంటారు. ఫుల్ క్రీమ్‌లో 6 శాతం వెన్న, అంటే అరలీటరు ప్యాకెట్‌లో 30 గ్రాముల కొవ్వు. టోన్డ్‌లో 3 శాతమే. నెయ్యి మానలేనంటే పాలు మార్చండి. ఆ రెండు చెంచాల నెయ్యికి చోటు దానంతట అదే వస్తుంది. చివరికి మా నాన్న విషయంలో డాక్టరును అడిగి చేసింది కూడా ఇదే: మిక్చర్ బంద్, టోన్డ్ పాలు, పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి.

నెయ్యి 250 డిగ్రీల దాకా పొగ రానివ్వదు, అందుకని పోపుకు బాగుంటుంది. మోకాళ్ల నొప్పులకూ జ్ఞాపకశక్తికీ నెయ్యి మందని తిరిగే మాటలను పక్కన పెట్టండి. డాల్డా, అంటే వనస్పతి, దీనికి బదులు కాదు. ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన వచ్చింది, అది మంచి మార్పే. ఆ నిబంధన వచ్చినా వనస్పతిలో సంతృప్త కొవ్వు ఉండనే ఉంటుంది.

### ఆవ, సోయా, ఆలివ్

ఆవనూనెలో ఒమేగా-3 పది శాతం దాకా ఉంటుంది, కానీ దాంతో చేసిన గోంగూరను ఊహించుకోండి. సోయా సరసమైన ధరకు దొరికే నూనె, సన్‌ఫ్లవర్‌కు చెప్పినవన్నీ దీనికీ వర్తిస్తాయి. ఆలివ్ సలాడ్లకు బాగుంటుంది. ఎక్స్‌ట్రా వర్జిన్‌తో మిరపకాయ బజ్జీలు వేసేంత స్తోమతుంటే ఆ డబ్బుతో చేపలు కొనుక్కోమంటాను.

ఎందుకంటే ఒమేగా-3 లోటును నూనె మార్చి తీర్చుకోవడం కన్నా కంచంలో ఒక వస్తువు చేర్చడం సులువు. కవళ్లు, కానగుర్తలు లాంటి చవక చేపల్లోనే ఇది దండిగా ఉంది. కానగుర్త శాస్త్రీయ నామంలో మన తెలుగు పేరే ఉందని మీకు తెలుసా? రాస్ట్రెల్లిగర్ కానగుర్తా అంటారు. రెండు శతాబ్దాల క్రితం విశాఖ తీరంలో చేపల బొమ్మలు గీయించిన పాట్రిక్ రస్సెల్ మన జాలర్ల నోటి పేరునే పుస్తకానికెక్కించాడు. శాకాహారులైతే అవిసె గింజల కారప్పొడి. పెద్ద చెంచాడు పొడిలో దాదాపు ఒకటిన్నర గ్రాముల ఒమేగా-3, రోజుకు అది చాలు. గింజల్ని మాత్రం పొడి కొట్టాలి. అలాగే మింగితే వచ్చినవి వచ్చినట్టే పోతాయి. ఇందులోది మొక్కల ఒమేగా-3 కాబట్టి, చేపల్లో నేరుగా దొరికే రకంగా శరీరం మార్చుకునేది కొంచెమే. గర్భిణులు శాకాహారులైతే ఈ సంగతి డాక్టరుతో మాట్లాడటం మంచిది.

## గానుగా, రీఫైండా?

ఇక్కడ మనుషులు రెండు పార్టీలైపోయారు. రీఫైండ్ అంటే సాధారణంగా గింజల నుంచి ద్రావకంతో నూనె తీసి, జిగురు, ఆమ్లత్వం, రంగు, వాసన ఒక్కొక్కటే తొలగించడం. చివరి దశలో 200 డిగ్రీలు దాటే వేడి పెడతారు. వాసనతోపాటు విటమిన్ ఇ కొంత పోతుంది. బదులుగా వేడికి ఆగే, ఎక్కువకాలం నిలవుండే, ప్రతిసారీ ఒకేలా ఉండే నూనె వస్తుంది.

గానుగలో వాసన, రుచి, సహజ పదార్థాలు నిలుస్తాయి. కొవ్వు ఆమ్లాల పాళ్లు మాత్రం మారవు. గానుగ కొబ్బరి నూనెకైనా రీఫైండ్ కొబ్బరి నూనెకైనా సంతృప్త కొవ్వు అదే. కేలరీలూ అంతే.

గానుగ వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది కాలేయానికి చెరుపు. గానుగ నూనెలోకి అది కొంత దిగొచ్చు. రీఫైనింగ్‌లో పోతుంది. కాబట్టి గానుగ నూనె కొనేటప్పుడు చూడాల్సింది గానుగ చెక్కదా ఇనుముదా అని కాదు, అందులో పోసే గింజల్ని. మా అత్తమ్మ సొంత చేను పల్లీలు ఏరి, ఎండబెట్టి, పుచ్చువీ ముడుచుకుపోయినవీ తీసేసి పట్టించుకొస్తుంది. అలా కుదిరితే గానుగకు ఓటు. మిల్లుల్లో వడకట్టి అమ్మే ఫిల్టర్డ్ నూనెలకూ ఇదే షరతు. గింజ చూడలేని చోట, నమ్మకం కుదరకపోతే రీఫైండ్ కొనుక్కుని నిశ్చింతగా ఉండండి.

ఇంకో చిన్న మాట: ప్యాకెట్ మీద లీటర్లు కాక గ్రాములు చూడండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. పక్క ప్యాకెట్ పది రూపాయలు తక్కువని తీసుకుంటే అందులో 850 గ్రాములే ఉండొచ్చు.

## మీ ఇంటి పరిస్థితిని బట్టి

| మీరు | రోజు వంటకు | పైన, పోపుకు | జాగ్రత్త |
|---|---|---|---|
| ఆరోగ్యంగా, అన్నీ తినేవారు | వేరుశనగ లేదా తవుడు | నువ్వుల నూనె, నెయ్యి చెంచా | నెల మొత్తం కొలత |
| ఎల్‌డీఎల్ ఎక్కువున్నవారు | సన్‌ఫ్లవర్, తవుడు మార్చి మార్చి | నువ్వుల నూనె | నెయ్యి, కొబ్బరి, బేకరీ |
| వేపుళ్లు మానలేనివారు | కూరకు ఏదైనా | వేపుడుకు వేరుశనగ | ఒకసారి కాచినది మళ్లీ వేపుడుకు వద్దు |
| బడ్జెట్ బిగుతుగా ఉన్నవారు | తవుడు, పామోలిన్ సగం సగం | అదే | బయటి చిరుతిళ్లు |
| అమెరికాలో ఉన్నవారు | కనోలా | నువ్వుల నూనె, నెయ్యి | కాల్చిన నువ్వుల నూనె వేరు |

చివరి వరుస గురించి. కనోలా ఆవజాతి గింజల నూనె. దాంట్లో సంతృప్త కొవ్వు 7 శాతమే, ఒమేగా-3 కూడా కొంత ఉంది, వేడికి ఆగుతుంది. దాని మీద అనుమానాలు పెట్టుకోనక్కర్లేదు. అక్కడ షాపుల్లో నల్లగా కనిపించే నువ్వుల నూనె చైనా, కొరియా వంటలది, కాల్చిన గింజల నుంచి తీసింది. దాంతో ఆవకాయ కలిపితే జాడీ మొత్తం చెత్తకుండీకే. ఇండియన్ షాపులో ఆవనూనె సీసా మీద 'ఒంటికి రాసుకోవడానికి మాత్రమే' అని ఉంటే కంగారు పడకండి. అందులోని యూరూసిక్ ఆమ్లం వల్ల అక్కడి నిబంధన అది.

మన దగ్గర రక్తపరీక్షల్లో ఇంకో రకం చిత్రం తరచూ కనిపిస్తుంది: ఎల్‌డీఎల్ ఓ మోస్తరు, రక్తంలో తిరిగే మరో కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ. అలాంటివాళ్లు నూనె సీసానే అనుమానిస్తారు. మూడు పూటలా కంచం నిండా తెల్లన్నం, టీల్లో చక్కెర తగ్గించకుండా నూనె బ్రాండు మారిస్తే ఆ అంకె కదలదు. అదనంగా తిన్న పిండిని కాలేయం కొవ్వుగానే మారుస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే మాత్రం సొంత ప్రయోగాలు వద్దు, క్లోమానికి ముప్పుంది, డాక్టరు చెప్పినంత నూనే వాడాలి.

రెండేళ్లలోపు పిల్లలకు ఈ పొదుపు లెక్కలేవీ వర్తించవు. తల్లిపాలలోని శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది. మెత్తగా కలిపిన పప్పన్నంలో వాళ్లకు నెయ్యి వెయ్యాల్సిందే.

## తగ్గించడం ఎక్కడ?

వంకాయ దగ్గర మొదలుపెట్టండి. వంకాయ ముక్కలు బాణలిలో పడగానే నూనెంతా తాగేస్తాయి, అడుగు పొడిగా కనిపిస్తుంది, మనం ఇంకో గరిటె పోస్తాం. అవి మగ్గాక తాగినదంతా కక్కుతాయి, అప్పుడు కూర మీద నూనె తేలుతుంది. ఉప్పు వేసి మూత పెట్టి సెగ తగ్గించి అయిదు నిమిషాలు ఓపిక పట్టండి, రెండో గరిటె అవసరం రాదు. సీసాతో వంచకుండా చెంచాతో పొయ్యండి. నాకు వేరే చిట్కాలేవీ ఇంతగా పనిచెయ్యలేదు.

వేయించిన నూనె మిగిలితే వడకట్టి, రెండు రోజుల్లో పోపుల్లో వాడేయండి. కొత్త నూనె కలిపి మళ్లీ వేపుడుకు పెట్టకండి. నల్లబడినా, నురగ వచ్చినా, జిగటగా అనిపించినా పారేయాల్సిందే. హోటళ్లకైతే 2018 జూలై నుంచి కొలత ఉంది: కాగిన నూనెలో చెడిన పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదు. మీ వీధి బజ్జీల బండి దగ్గర ఆ మీటరు ఉండదు, బాణలి అంచున పేరుకున్న నల్లటి జిగురు చూసి మీరే తేల్చుకోవాలి.

ఇప్పుడు మా అరలో ఉన్నవి మూడు: రెండు లీటర్ల పల్లీ నూనె, లీటరు తవుడు నూనె, అర లీటరు నువ్వుల నూనె. పక్కన నెయ్యి గిన్నె, అందులో చిన్న చెంచా. పెద్దది వేస్తే పిల్లలు గరిటెలా వాడేస్తున్నారు. ఒకటో తారీఖు రాసిన పల్లీ నూనె డబ్బా ఇవాళ 19 అయినా ఇంకా మూడో వంతు ఉంది. శుక్రవారం అత్తమ్మ వస్తోంది, బూరెలు వండుతానని ముందే కబురు పెట్టింది. ఆ రోజు లెక్క రాయను.